కొత్తది కొనేముందు మూత తీయండి

హనుమకొండలో మా వీధి చివర ఒక డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ అక్కడే తయారవుతాయి. నడిపేది ఒక్కావిడే. మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో ఒక సాయంత్రం జిరాక్స్ కోసం వెళ్లాను. ఆవిడ మౌస్ వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.

"ఒక్క ఫొటో పక్కకు జరిపితే ఐదు నిమిషాలు ఆగుతుందన్నా. రిపేరాయన వచ్చి చూసిండు. పాతదైపోయింది, ఇగ కొత్తది కొనుమన్నడు. ముప్పై ఐదు వేలట" అంది.

"మూత తీసి చూశాడా చెల్లె?"

తీయలేదట. ఆన్ చేశాడు, కాసేపు చూశాడు, చెప్పేసి వెళ్లాడు.

కుక్కర్ గ్యాస్కెట్ మనమే మార్చుకుంటాం. గ్యాస్ బండకు రెగ్యులేటర్ మనమే బిగించుకుంటాం. ఫ్యాను రెగ్యులేటర్ పాడైతే మెయిన్ ఆపేసి మార్చేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. సీపీయూ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేయి వెనక్కి పోతుంది. "లోపల ఏదైనా అయితే?" అన్న ఒక్క భయానికి వేలకు వేలు ఖర్చుపెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ర్యామ్ అనే మెమరీని మార్చడం గ్యాస్ బండ మార్చడం కంటే తేలిక, ప్రమాదమూ తక్కువ. కావలసిన సామగ్రి ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక మెత్తని బ్రష్, ఓ అరగంట తీరిక.

గట్టు, అటక

ముందు ర్యామ్ ఏం చేస్తుందో చెప్పుకుందాం. అది తెలిస్తే ఎంత కొనాలో, అసలు కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

వంటింట్లో అటక ఉంటుంది, గట్టు ఉంటుంది. సామానంతా అటక మీద డబ్బాల్లో ఉంటుంది. వండేటప్పుడు కావలసినవి గట్టు మీదికి దించుకుంటాం. గట్టు విశాలంగా ఉంటే తరిగిన కూరలు ఒక పక్క, పిండి ఒక పక్క, పోపుడబ్బా ఒక పక్క పెట్టుకుని చకచకా వండేయవచ్చు. గట్టు ఇరుకైతే పోపుడబ్బా పెట్టడానికి పిండిగిన్నె అటక ఎక్కించాలి. మళ్లీ పిండి కావలసివస్తే పోపుడబ్బా ఎక్కించాలి. అప్పుడు వండే సమయం తక్కువ, నిచ్చెన ఎక్కి దిగే సమయం ఎక్కువ అవుతుంది.

కంప్యూటర్‌లో అటక హార్డ్ డిస్క్, గట్టు ర్యామ్. ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ అప్పటికి అవసరం లేనివాటిని డిస్క్ మీద ఒక మూలకు తోసేసి చోటు చేసుకుంటుంది. దాన్నే పేజ్ ఫైల్ అంటారు. పాత సీపీయూలలో హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మినుకుమంటూ, లోపల గరగరమని చప్పుడు రావడం మీరు వినే ఉంటారు. చాలాసార్లు అది నిచ్చెన ఎక్కి దిగుతున్న చప్పుడే.

ఆవిడ చేసే పనినే లెక్క వేద్దాం. 10 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. అంగుళానికి 100 పిక్సెళ్లు పెట్టుకున్నా పొడవున 12,000, ఎత్తున 4,800. మొత్తం 5 కోట్ల 76 లక్షల పిక్సెళ్లు. ప్రింటింగ్‌కు నాలుగు రంగులు, పిక్సెల్‌కు రంగుకొక బైటు. అంటే నిండుగా ఉన్న ఒక్క లేయరుకే సుమారు 23 కోట్ల బైట్లు, దాదాపు 220 ఎంబీ. వెనక పూల డిజైను, పెళ్లికొడుకు, పెళ్లికూతురు, దేవుడి బొమ్మ, అక్షరాలు ఇలా లేయర్లు పేరుస్తూ పోతే 2 జీబీ దాటడం ఎంతసేపు? వాటికి తోడు వెనక్కి వెళ్లడానికి (అన్‌డూకు) దాచుకునే అడుగులు, విండోస్ సొంత ఖర్చు, తెరిచి ఉంచిన బ్రౌజర్, వాట్సాప్ వెబ్. ఆవిడ సీపీయూలో ఉన్న ర్యామ్ 4 జీబీ.

కరెంటు పోతే సేవ్ చేయని పని ఎందుకు పోతుందో కూడా ఇక్కడే చెప్పాలి. ర్యామ్ చిప్‌లో ఒక్కో బిట్టుకు ఒక్కో అతి చిన్న కెపాసిటర్, దానికి తలుపులా ఒక ట్రాన్సిస్టర్ ఉంటాయి. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌కు ఈ అమరిక మీద 1968లో పేటెంటు వచ్చింది. ఇవాళ కొంటున్న డీడీఆర్5 తరం ర్యామ్ కూడా ఆ సూత్రం మీదే నడుస్తోంది. ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది, నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకని డీడీఆర్3, డీడీఆర్4లలో మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి బిట్టునూ ఒకసారి చదివి మళ్లీ నింపుతారు. కరెంటు పోయిందంటే నింపేవాళ్లు లేరు, కుండ ఖాళీ.

జబ్బు ఏదో ముందు తేల్చండి

స్లో అయిన ప్రతి కంప్యూటర్‌కూ ర్యామ్ మందు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ర్యామ్ వేయించుకుని "ఏం మారలేదు" అని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీరు రోజూ చేసే పని ఏదో అది మొదలుపెట్టండి. బ్రౌజర్, టాలీ, ఫోటోషాప్, పిల్లల ఆన్‌లైన్ క్లాసు, మామూలుగా తెరిచి ఉంచేవన్నీ తెరవండి. స్లో అనిపించిన క్షణంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ (ఇక్కడ ఆ మాటకు ప్రాసెసర్ అని అర్థం), మెమరీ, డిస్క్ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఒక్క నిమిషం చూసి వదిలేయకండి. రెండు మూడు రోజులు, పని ఎక్కువున్న వేళల్లో చూసి కాగితం మీద రాసుకోండి.

మెమరీ 85, 90 శాతం దాటి అక్కడే నిలబడితే ర్యామ్ చాలట్లేదని అర్థం. మెమరీ సగమే వాడకంలో ఉండి డిస్క్ 100 దగ్గర ఉంటే మీకు కావలసింది హార్డ్ డిస్క్ బదులు వాడే ఎస్ఎస్‌డీ. హార్డ్ డిస్క్ మీద విండోస్ నడిపేవాళ్లకు చాలాసార్లు ర్యామ్ కంటే ఎస్ఎస్‌డీ ఇచ్చే తేడాయే ఎక్కువ. సీపీయూ ఒక్కటే 100 చూపిస్తుంటే ఈ రెండూ ఆదుకోవు.

మెమరీ, డిస్క్ రెండూ నిండుగా కనిపించే సందర్భం దగ్గర చాలామంది పొరబడతారు. డిస్క్ 100 అని చూడగానే డిస్క్‌ను తప్పుబట్టేస్తారు. గట్టు ఇరుకైతే అటక మీద రద్దీ పెరుగుతుంది కదా. కాబట్టి అలాంటప్పుడు ముందు ర్యామ్ సంగతి చూడండి, డిస్క్ తర్వాత. డీటీపీ సెంటర్‌లో మేం చూసినప్పుడు మెమరీ 94, డిస్క్ 100, సీపీయూ 20 కూడా లేదు.

కొనేముందు ఇంకొకటి చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అన్నచోట మీ విండోస్ 32 బిట్టా, 64 బిట్టా అని రాసి ఉంటుంది. 32 బిట్లతో లెక్కపెట్టగలిగే చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే. అంటే 4 జీబీ. అందులోనూ గ్రాఫిక్స్ వంటివి కొంత తీసుకోగా మనకు మిగిలేది మూడు, మూడున్నర జీబీ. ఇళ్లలో వాడే 32 బిట్ విండోస్‌లో మీరు 16 జీబీ పెట్టినా అంతకుమించి వాడుకోదు. ముందు 64 బిట్ విండోస్ వేయించుకోవాలి.

ఏది పడుతుంది, ఏది పట్టదు

ర్యామ్‌లో తరాలున్నాయి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5. ఒక తరం స్టిక్ (ర్యామ్ పలక) ఇంకో తరం స్లాట్‌లో (అది దిగే గాడిలో) పట్టదు. స్టిక్ అడుగున బంగారు రంగు పిన్నుల వరుస మధ్యకు కాస్త పక్కగా ఒక గాటు ఉంటుంది. తరం మారితే ఆ గాటు చోటు మారుతుంది. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. డీడీఆర్5కీ 288 పిన్నులే అయినా గాటు వేరే చోట. కరెంటూ వేరు: డీడీఆర్3 మామూలుగా 1.5 వోల్టులు, డీడీఆర్4 1.2, డీడీఆర్5 1.1. తప్పు తరం పెట్టకుండా ఆ గాటే మీకు కాపలా. గాటు కుదరనప్పుడు బలం ఉపయోగించారంటే స్లాట్ విరుగుతుంది తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మీది ఏ తరమో మదర్‌బోర్డు చెబుతుంది. మన ఊళ్లలో ఇంకా నడుస్తున్న పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లలో హెచ్61, హెచ్81 చిప్‌సెట్ బోర్డులు చాలా ఉన్నాయి. ఇవి డీడీఆర్3, రెండు స్లాట్లు, మొత్తం 16 జీబీ వరకు. హెచ్110 బోర్డుల్లో ఎక్కువ భాగం డీడీఆర్4, 32 జీబీ వరకు. ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లకు బోర్డును బట్టి డీడీఆర్4 ఉండవచ్చు, డీడీఆర్5 ఉండవచ్చు, కాబట్టి ప్రాసెసర్ పేరు చూసి ర్యామ్ కొనకండి. 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డులకు డీడీఆర్5 ఒక్కటే. బోర్డు పేరు తెలుసుకోవడానికి సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. దాంట్లో ర్యామ్ వేగం సగమే కనిపిస్తే కంగారుపడకండి. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి 1600 స్టిక్‌కు అక్కడ 800 అని చూపిస్తుంది.

బోర్డు పేరు దొరికాక ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో గరిష్ఠంగా ఎంత ర్యామ్, స్లాట్‌కు ఎంత, ఏ వేగం అన్నవి చూసి రాసుకోండి. కంపెనీ బ్రాండు మినీ డెస్క్‌టాప్‌లు, ఆల్ ఇన్ వన్‌లు వాడేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వాటిలో చాలావాటికి ల్యాప్‌టాప్‌ల్లో ఉండే పొట్టి స్టిక్కే పడుతుంది.

పాత స్టిక్ బయటికి తీస్తే దాని మీది లేబులే మీ కొనుగోలు చీటీ. ఆ రోజు మేం తీసిన స్టిక్ మీద 4జీబీ, 1ఆర్ఎక్స్8, పీసీ3-12800యూ అని ఉంది. పీసీ3 అంటే డీడీఆర్3. 12800 అంటే సెకనుకు 12,800 ఎంబీ మోయగలదని. దాన్ని 8తో భాగిస్తే 1600, అది దాని వేగం. 1ఆర్ అంటే చిప్‌లు ఒకే ర్యాంకుగా ఉన్నాయని, ఎక్స్8 చిప్ అమరిక. చివరి యూ అన్న అక్షరం అన్నిటికంటే ముఖ్యం. అది మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ అని చెబుతుంది. అక్కడ ఆర్ ఉంటే అది సర్వర్ ర్యామ్. ఆన్‌లైన్‌లో సగం ధరకే 8 జీబీ, 16 జీబీ డీడీఆర్3 అని కనిపించేవాటిలో ఈ సర్వర్ స్టిక్కులు చాలా ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, గాటు కూడా కుదురుతుంది, మామూలు ఇంటి బోర్డులో మాత్రం డిస్‌ప్లే రాదు. "ఏఎండీకి మాత్రమే" అని రాసి అమ్మే చవక స్టిక్కులూ అంతే, ఇంటెల్ బోర్డు వాటిని గుర్తించదు.

ఎంత? ఒకటా, రెండా?

చిన్న ఆఫీసు పనికి, పిల్లల చదువుకు, బ్రౌజర్‌కు 8 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. ఫోటోషాప్, వీడియో ఎడిటింగ్, గేములు అయితే 16. అంతకు మించి కావలసినవాళ్లకు ఎందుకు కావాలో వాళ్లకే తెలిసి ఉంటుంది. అవసరం లేని ర్యామ్ కొని పెట్టుకుంటే వేగం పెరగదు, ఖాళీ గట్టు ఖాళీగానే ఉంటుంది.

బోర్డుకూ మెమరీకీ మధ్య సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకే స్టిక్ ఉంటే ఒక దారే నడుస్తుంది. ఒకేలాంటివి రెండు పెడితే రెండు దారులూ తెరుచుకుని మోసే సామర్థ్యం రెట్టింపవుతుంది. దీన్నే డ్యూయల్ ఛానల్ అంటారు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది. అందుకే 8 జీబీ ఒకటి కొనేచోట 4 జీబీవి రెండు, 16 కొనేచోట 8 జీబీవి రెండు అని నేను చెబుతాను. స్లాట్లు రెండే ఉండి, ముందు ముందు ఇంకా పెంచుకోవాలనుకునేవాళ్లు మాత్రం పెద్ద స్టిక్ ఒకటి కొని ఒక స్లాట్ ఖాళీగా ఉంచుకోవచ్చు.

పాతదాని పక్కన వేరే కంపెనీది పెట్టవచ్చా అని అడుగుతారు. పెట్టవచ్చు, చాలావరకు నడుస్తుంది. వేగాలు వేరైతే రెండూ నెమ్మదిదాని వేగంతోనే నడుస్తాయి. బండికి కట్టిన జోడెడ్లలో ఒకటి నెమ్మదిదైతే రెండోదీ దాని నడకే నడవాలి కదా.

కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే ఆ కాంప్లెక్స్‌కు వెళ్తే పాత తరం ర్యామ్ కూడా దొరుకుతుంది. మీ ఊళ్లోనే నమ్మకమైన షాపు ఉంటే అదే మేలు. తేడా వస్తే తిరిగి ఇవ్వడానికి దగ్గర. పాత స్టిక్‌ను కాగితంలోనో, మదర్‌బోర్డు వచ్చిన యాంటీ స్టాటిక్ కవర్‌లోనో చుట్టి వెంట తీసుకెళ్లండి. బిల్లు మీద స్టిక్ సీరియల్ నంబరు రాయించుకోండి. పేరున్న కంపెనీలు ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. బిల్లు పారేసుకుని ఆ వారంటీని వదులుకునేవాళ్లే ఎక్కువ. సెకండ్ హ్యాండ్ తీసుకోవడంలో తప్పు లేదు. డీడీఆర్3కి ఇప్పుడు అదే ముఖ్యమైన దారి కూడా. షాపులోనే ఒక సిస్టమ్‌లో పెట్టించి చూసుకుని, వారం పది రోజుల మార్పిడి మాట తీసుకుని కొనండి.

ధరల సంగతి. 2025 రెండో సగం నుంచి ర్యామ్ బాగా ప్రియమైంది. ప్రపంచంలో ఈ చిప్‌లలో అధికభాగం తయారుచేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపు అవి మొగ్గడంతో మన ఇళ్ల కంప్యూటర్లకు వచ్చే సరుకు తగ్గింది. ఏ స్టిక్కర్ ఉన్న ర్యామ్ కొన్నా లోపలి చిప్‌లు ఎక్కువగా ఈ ముగ్గురివే. కాబట్టి "ఎందుకైనా మంచిది" అని ఎక్కువ కొనే రోజులు కావివి. కొలిచి కొనండి.

మూత తీసే వేళ

షట్‌డౌన్ చేయండి, స్లీప్ కాదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, వెనకనున్న పవర్ కేబుల్ పీకేయండి. తర్వాత ముందున్న పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. మానిటర్, కీబోర్డు తీగలు ఎక్కడివో మరిచిపోతామనుకుంటే వెనకవైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

సీపీయూను వరండాలోకో బాల్కనీలోకో తీసుకెళ్లండి. వెనకనుంచి చూస్తే ఒక పక్క మూతకు రెండు స్క్రూలుంటాయి. విప్పి మూతను వెనక్కి జరిపితే వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి తెరవనిదైతే దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. మెత్తని బ్రష్‌తో దులపండి, బ్లోయర్ ఉంటే దూరం నుంచి వాడండి. అప్పుడు ఫ్యాను రెక్కలు గిరగిర తిరగకుండా వేలితో పట్టుకోండి. తడి గుడ్డ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

స్టాటిక్ కరెంటు విషయంలో జాగ్రత్త అవసరం, భయం అవసరం లేదు. ఎండాకాలంలో, చలికాలం పొడి రోజుల్లో పాలిస్టర్ చొక్కా విప్పుతుంటే చిటపటమంటుంది కదా, అదే. మన ఒంటికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి, చిప్ దెబ్బతినడానికి అంతకంటే చాలా తక్కువ చాలు. నూలు బట్టలు వేసుకోండి, తివాచీ మీద కూర్చోకండి, స్టిక్ ముట్టుకునే ముందు ప్రతిసారీ క్యాబినెట్ లోపల రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. స్టిక్‌ను రెండు అంచులతోనే పట్టుకోండి, బంగారు పిన్నుల మీద వేలు పడనివ్వకండి.

ఇప్పుడు సీపీయూను పక్కకు పడుకోబెట్టి ప్రాసెసర్ ఫ్యాను పక్కన చూడండి. పొడవాటి సన్నని స్లాట్లు, చివర్లలో తెల్లటివో నల్లటివో క్లిప్పులు. కొన్ని బోర్డుల్లో రెండు చివర్లా, కొన్నింటిలో ఒకే చివర ఉంటాయి. క్లిప్‌ను బయటివైపుకు వంచితే పాత స్టిక్ తానే కాస్త పైకి లేస్తుంది. నిటారుగా పైకి తీయండి, ఊపవద్దు.

పెట్టడం దగ్గరే అందరి చేయీ తడబడుతుంది, కాబట్టి నిదానంగా చెబుతాను. క్లిప్పులు పూర్తిగా తెరవండి. స్టిక్ మీది గాటు, స్లాట్‌లోని చిన్న అడ్డుగోడ ఒకే చోటికి వచ్చేలా తిప్పి చూసుకోండి. స్టిక్‌ను గాడిలో నిటారుగా నిలబెట్టండి. రెండు బొటనవేళ్లు రెండు చివర్ల మీద పెట్టి ఒక్కసారే, సమంగా కిందికి నొక్కండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువ బలమే కావాలి. బోర్డు కొద్దిగా వంగినట్టు అనిపిస్తుంది, అక్కడే చాలామంది ఆగిపోతారు. టక్ మని చప్పుడు వచ్చి క్లిప్ తనంతట తాను మూసుకుంటేనే స్టిక్ కూర్చున్నట్టు. ఆవిడ మొదటిసారి నొక్కినప్పుడు ఒక చివర కూర్చుంది, రెండోది సన్నని గీత మందాన పైకే ఉండిపోయింది. "అయిపోయిందా?" అని నా వైపు చూసింది. పక్కనుంచి చూడమన్నాను. బంగారు గీత ఒక మూల ఇంకా కనిపిస్తోంది. మళ్లీ నొక్కింది. ఈసారి టక్ మంది, ఆవిడ ముఖమూ విప్పారింది.

నాలుగు స్లాట్లుండి స్టిక్కులు రెండే ఉంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది ఎంచుకోండి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది.

డిస్‌ప్లే రాకపోతే

మూత వేయకుండానే ఒకసారి ఆన్ చేసి చూడండి. తెర నల్లగా ఉండి బీప్ బీప్ అంటే గుండె జారవద్దు. పదింట తొమ్మిదిసార్లు స్టిక్ సరిగా కూర్చోకపోవడమే కారణం. కేబుల్ పీకి, మళ్లీ తీసి పెట్టండి. అయినా రాకపోతే ఒక్కో స్టిక్‌నూ విడిగా, ఒక్కో స్లాట్‌లో పెట్టి చూడండి. అప్పుడు తప్పు స్టిక్‌దా స్లాట్‌దా తేలిపోతుంది. పాత స్టిక్ పిన్నులు మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దే అలవాటు మన దగ్గర ఉంది. మెత్తని తెల్ల రబ్బరైతే పనిచేస్తుంది కానీ, ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా పూర్తిగా తుడిచేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన శుభ్రమైన గుడ్డ ఇంకా మేలు.

డీడీఆర్5 పెట్టినవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త స్టిక్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపేయకుండా కొంతసేపు వేచి ఉండండి.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో కొత్త మొత్తం చూడండి. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 స్టిక్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంటే, బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ అన్నది (ఏఎండీ డీడీఆర్5 బోర్డులో అయితే ఎక్స్‌పో) ఆన్ చేయాలి. మీ ప్రాసెసర్, బోర్డు ఒప్పుకుంటేనే ఆ వేగం అందుతుంది. ఆ రాత్రికి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపించి పడుకోండి. స్టిక్‌లో లోపముంటే మార్చుకునే గడువులోనే బయటపడుతుంది. మంచి మెమరీ పరీక్షలో ఒక్క తప్పు కూడా రాకూడదు. ఒకటి వచ్చినా వెనక్కి ఇచ్చేయండి.

ఒక పరిమితిని దాచకుండా చెప్పాలి. ర్యామ్ పెంచినంత మాత్రాన పాత కంప్యూటర్ అన్ని విధాలా కొత్తదైపోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటెల్ 8వ తరానికి ముందున్న ప్రాసెసర్లలో దాదాపు అన్నిటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసేవాళ్లు లినక్స్‌కు మారడమో, ఆ పనులకు వేరే కంప్యూటర్ వాడటమో చేయాలి. డిజైను, టైపింగ్, లెక్కల వంటి పనులకు మాత్రం అది ఇంకొన్నేళ్లు నిక్షేపంగా పనికొస్తుంది.

డీటీపీ సెంటర్‌లో ఆ రోజు మేం పెట్టింది ఇంకో 4 జీబీ స్టిక్. సెకండ్ హ్యాండ్, 1,200 రూపాయలు. మర్నాడు అదే ఫ్లెక్సీ ఫైలు తెరిచి ఫొటో జరిపితే వెంటనే జరిగింది. మెమరీ 70 దగ్గర నిలిచింది, డిస్క్ లైటు నిమ్మళించింది. ఆరు నెలల తర్వాత ఎస్ఎస్‌డీ కొన్నప్పుడు ఆవిడ నన్ను పిలవలేదు, మూత తనే తీసి బిగించుకుంది.

ఈ ఆదివారం మీ సీపీయూ పవర్ కేబుల్ పీకి, రెండు స్క్రూలు విప్పండి. ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో, స్టిక్ లేబుల్ మీద ఏముందో ఒక ఫొటో తీసుకుని మూత వేసేయండి. ఆ రోజుకు అంతే చాలు. ఆ ఫొటో చేతిలో పెట్టుకుని షాపుకు వెళ్లండి.